'తెలియని చరిత్ర' - ఎవరికి తెలియనిది?

పుస్తకాల ప్రదర్శనకు వెళ్లిన ప్రతిసారీ మేము ఒక పని చేస్తాం. చరిత్ర పుస్తకాలు పేర్చిన బల్ల దగ్గర నిలబడి, ఏ పుస్తకం పక్కన ఏ పుస్తకం పెట్టారో చూస్తాం. ఇప్పుడు అలాంటి బల్లలకు బోర్డులు కూడా పెడుతున్నారు. 'తెలియని చరిత్ర', 'మరుగునపడ్డ చరిత్ర', 'అట్టడుగు చరిత్ర' అని. ఆదివాసుల తిరుగుబాట్లు, దళితుల ఆత్మకథలు, స్త్రీల జ్ఞాపకాలు, నల్లజాతి బానిసల కథలు అక్కడ ఒకచోట చేరతాయి. చూస్తే సంతోషమే. మరి మేమెక్కడ అని వెతుక్కుంటే మమ్మల్ని పక్క బల్ల మీద పెట్టి ఉంటారు. అక్కడ గోల్కొండ కోట బొమ్మలుంటాయి. మొగలు చక్రవర్తుల జీవితాలుంటాయి. నిజాం నగల మీద రంగురంగుల పుస్తకం ఉంటుంది. మా చరిత్ర అంతా కోటలూ, కత్తులూ, నగలే!

మాలో ఒకరి తాత దూదేకేవాడు. భుజాన విల్లు వేసుకుని ఊరూరా తిరిగి, వాకిట్లో కూర్చుని పాత పరుపుల దూది ఏకి, సాయంత్రానికి ఇన్ని గింజలు తెచ్చుకునేవాడు. ఒకరి నానీ కళ్లు పోయేదాకా బీడీలు చుట్టింది. ఒకరి అబ్బా జట్కా తోలాడు. ఒకరి ఇంట్లో నాలుగు తరాలుగా పీర్లను ఎత్తుతున్నారు. వీళ్లెవరికీ కోటల్లేవు. కోట గోడకు రాళ్లెత్తిన వాళ్లేమో తెలియదు గాని, కోటలో కూర్చున్న వాళ్లు మాత్రం కాదు. అయినా బడిలో చరిత్ర పాఠం వచ్చిన రోజు తరగతి గది మొత్తం తల తిప్పి మా వైపే చూసింది. గజనీ మహమ్మదు చేసిన దానికి మేమే జవాబు చెప్పాలన్నట్టు చూసింది.

ఒక విషయం మీద పుస్తకాలను వరసగా తేవడం, ఒక పేరు కింద ఒకచోట చేర్చడం మంచి పనే. ఒంటరి పుస్తకం చెప్పలేనిది పది పుస్తకాల వరస చెబుతుంది. కానీ ఆ వరసకు పేరు పెట్టేవాడెవడు? ఏది లోపలికి రావాలో, ఏది బయట ఉండాలో తేల్చేవాడెవడు? ఈ ప్రశ్న అడక్కుండా 'తెలియని చరిత్ర' అన్న మాటను మేము తలకెత్తుకోలేం. తెలియనిది ఎవరికి? మా నానీకి తెలుసు. మా తాతకు తెలుసు. తెలియనిది మీకు. కొన్నాళ్లకు, మీ పుస్తకాలు చదివి చదివి, మాకు కూడా.

పేరు పెట్టినవాడి చెయ్యి

మన చరిత్ర మీద వచ్చిన పెద్ద సంపుటాల వరసల్లో ఒకటి ఇలియట్, డౌసన్‌లది. 1867 నుంచి 1877 దాకా 8 సంపుటాలుగా వచ్చింది. 'భారతదేశ చరిత్ర - దాని సొంత చరిత్రకారులు చెప్పినట్టుగా' అని దాని పేరు. ఎంత చక్కటి పేరు! మన నోటితో మనమే చెప్పుకున్నట్టుంటుంది. సర్ హెన్రీ ఇలియట్ కంపెనీ ప్రభుత్వంలో విదేశాంగ కార్యదర్శి. పారశీక, అరబ్బీ చరిత్ర గ్రంథాలను వెతికించి, వాటిలోంచి భాగాలు ఏరి, ఇంగ్లిషులోకి మార్పించాడు. ఆయన 1853లో పోతే, మిగిలిన పని డౌసన్ పూర్తి చేశాడు.

ఎందుకు చేశాడో ఇలియట్ దాచుకోలేదు. ముందుమాటలోనే చెప్పుకున్నాడు. ఈ పాత రాజుల దుర్మార్గం చదివితే ఇక్కడి జనానికి ఇంగ్లిషువాడి పాలన ఎంత గొప్పదో తెలిసొస్తుందన్నది ఆయన లెక్క. లెక్క అది అయినప్పుడు ఏరేది ఏమిటి? యుద్ధాలు, కోతలు, గుళ్ల కూల్చివేతలు. అవన్నీ అబద్ధాలని మేము అనడం లేదు. రాజుల దగ్గర జీతానికి రాసినవాళ్లు తమ రాజును ఘాజీగా చూపించడానికి ఉన్నవీ లేనివీ రాశారు. ఆ గొప్పల్ని ఏరి, చుట్టూ ఉన్న మిగతా బతుకును వదిలేస్తే మిగిలేది నెత్తురే కదా. ఆ ఎనిమిది సంపుటాల నిండా తప్పులున్నాయని హోదీవాలా అనే పండితుడు 1939లో ఒక పెద్ద పుస్తకమే అచ్చువేశాడు. ఆయన పార్శీ. ఆ దిద్దుబాటును చదివినవాళ్లెందరు? ఎనిమిది సంపుటాల మీద ఆధారపడి రాసిన బడి పుస్తకాలను చదివినవాళ్లెందరు?

ఇంతకు ముందే, 1817లో, జేమ్స్ మిల్ మన చరిత్రను మూడు ముక్కలు చేశాడు. హిందూ యుగం, మహమ్మదీయ యుగం, బ్రిటిష్ యుగం. మూడో ముక్కను మాత్రం క్రైస్తవ యుగం అనలేదు, గమనించండి. మతం మనకు, రాజ్యం వాళ్లకు!

ఈ ముక్కలు తెలుగులోకి కూడా వచ్చాయి. 1906లో హైదరాబాదులో విజ్ఞాన చంద్రికా గ్రంథమండలి పుట్టింది. తెలుగులో చరిత్ర, శాస్త్రం, జీవిత చరిత్రలు వరసగా అచ్చువేసి, చందాదార్ల ఇంటికి చేర్చిన సంస్థ అది. కొమర్రాజు లక్ష్మణరావు గారి శ్రమ లేకపోతే తెలుగువాడికి చరిత్ర అన్నది ఇంకెన్నాళ్లకు అందేదో. ఆ ఋణం మాకూ ఉంది. మేమూ తెలుగువాళ్లమే. కానీ ఆ మహానుభావుడు కూడా దేశ చరిత్ర రాసేటప్పుడు 'హిందూ మహాయుగము', 'మహమ్మదీయ మహాయుగము' అనే పేర్లే పెట్టారు. మిల్ గీసిన గీత మీదే నడిచారు. ఆ కాలంలో చదువుకున్న వాళ్లందరూ ఆ గీత మీదే నడిచారు గనుక ఆయన్ని ఒక్కణ్ని తప్పుపట్టడం న్యాయం కాదు. ఫలితం మాత్రం మా మీద పడింది. 'మహమ్మదీయ యుగం' అనగానే ఆ యుగంలో బతికిన మహమ్మదీయులందరూ రాజులైపోయారు. అదే యుగంలో శిస్తు కట్టలేక పారిపోయిన రైతు, మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని కూర్చున్న నేతగాడు, మశకంలో నీళ్లు మోసిన భిస్తీ, వీళ్లు ఏ యుగంలో ఉన్నట్టు?

మరో వరస థర్స్టన్‌ది. 1909లో 7 సంపుటాలు. దక్షిణ భారత కులాలు, తెగలు. అందులో దూదేకుల వాళ్లున్నారు. ముక్కుల కొలతలు తీసిన పెద్దమనిషి లెక్కలో వాళ్లు ఒక వింత జాతి. ముస్లిం పేరు, తెలుగు భాష, హిందూ అలవాట్లు అని రాయడంతో ఆగిపోయాడు. దూది ఏకేవాడి భుజం నొప్పి ఆయన కొలబద్దకు అందలేదు. కోటల వరసలో మేము లేం. ముక్కుల వరసలో మేము మనుషులుగా లేం.

పొరుగు వరసలు నేర్పినవి

అయితే మేము నిరాశతో కూర్చోలేదు. వేరేవాళ్లు తమ చరిత్రను ఎలా తవ్వుకున్నారో చూశాం. నేర్చుకున్నాం. దెబ్బలాడాం కూడా.

ఆఫ్రికా వాళ్లను చూడండి. వాళ్లకసలు చరిత్రే లేదన్నారు తెల్లవాళ్లు. రాతలేని చోట చరిత్ర ఎక్కడిదని వెక్కిరించారు. 1964లో యునెస్కో ఆఫ్రికా సమగ్ర చరిత్ర రాయించాలని తీర్మానించింది. 1981 నుంచి ఒక్కొక్కటిగా 8 సంపుటాలు వచ్చాయి. నడిపిన సంఘంలో మూడింట రెండొంతులు ఆఫ్రికా వాళ్లే. మొదటి సంపుటం ఏ రాజుతోనూ మొదలు కాదు. చరిత్రను దేని నుంచి రాయాలి అన్న ప్రశ్నతో మొదలవుతుంది. బుర్కినా ఫాసోకు చెందిన జోసెఫ్ కీ-జెర్బో దాని సంపాదకుడు. మాలీ దేశపు హంపాతే బా అందులో నోటి సంప్రదాయం మీద ఒక అధ్యాయం రాశాడు. నోటిమాటను గాలికి పోయే కబురుగా కాక, నేర్పు, నియమం, బాధ్యత ఉన్న జ్ఞానంగా నిలబెట్టాడు. ఆయన ముస్లిం, సూఫీ గురువు దగ్గర చదువుకున్నవాడు. ఒక పక్క అరబ్బీ రాతలు, ఇంకో పక్క పాటగాళ్లు తరతరాలుగా అప్పజెప్పే వంశావళులు, మరో పక్క తవ్వకాల్లో దొరికిన కుండపెంకులు. మూడింటినీ పక్కపక్కన పెట్టి చూడాలని ఆ వరస నేర్పింది. మా ఊళ్లలో పీర్ల గుండం చుట్టూ తెలుగులో పాడే పాటను, దర్గా ముజావర్ నోట్లో ఉన్న కథను ఆధారాలుగా ఎందుకు తీసుకోరని అడిగే ధైర్యం మాకు అక్కణ్నుంచి కూడా వచ్చింది.

అదే ఆఫ్రికా తెలుగింటికి మరో దారిలో వచ్చింది. 1976లో అలెక్స్ హేలీ రాసిన 'రూట్స్'ను సహవాసి 'ఏడు తరాలు'గా తెచ్చారు. హైదరాబాద్ బుక్ ట్రస్ట్ అచ్చువేసింది. తెలుగు పాఠకులు గుండెలకు హత్తుకున్న పుస్తకం అది. కుంటా కింటే కోసం ఏడవని వాళ్లు అరుదు. మేమూ ఏడ్చాం. తర్వాత మా మిత్రులను ఒక ప్రశ్న అడిగాం. కుంటా కింటే ఎవరు? 'నీగ్రో' అన్నారు. 'బానిస' అన్నారు. 'ఆఫ్రికావాడు' అన్నారు. కుంటా ముస్లిం అని ఒక్కరికీ గుర్తులేదు! గాంబియాలో జుఫూరే ఊళ్లో పుట్టి, ఖురాన్ చదువుకుని, పరాయి గడ్డ మీద సంకెళ్లతో కూడా అల్లాను తలుచుకున్నవాడు. పంది మాంసం ముట్టనని మొండికేసినవాడు. ఆ పుస్తకంలో చరిత్ర ఎంత, కల్పన ఎంత అన్న తగాదా ఉంది. వేరే రచయిత నవల నుంచి కొన్ని భాగాలు వచ్చాయన్న కేసులో హేలీ 1978లో డబ్బు చెల్లించి రాజీపడ్డాడు. అది చెప్పుకోవలసిందే. మా ప్రశ్న మాత్రం వేరు. పీడితుడై కన్నీరు పెట్టించినవాడు ముస్లిం కావచ్చునన్నది మన అభ్యుదయ పాఠకుడి బుర్రకు ఎందుకు అంటుకోలేదు? ముస్లిం అంటే నవాబు, లేకపోతే రజాకారు. మూడో బొమ్మ లేదు. కళ్ల ముందున్నా కనబడదు.

ఆఫ్రికా అంత దూరంలోనూ లేదు. హైదరాబాదులో ఏ.సి. గార్డ్స్ అనే బస్తీ పేరు రోజూ పలుకుతాం. ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్ అని ఎంతమందికి తెలుసు? నిజాం కొలువులో గుర్రాల మీద నిలిచిన హబ్షీల పిల్లలు, మనవలు ఉన్న చోటు. బార్కాస్ అంటే బ్యారక్స్. యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి వచ్చిన అరబ్బు సిపాయీల సంతతి ఉన్న చోటు. ఇథియోపియాలో పుట్టి, బానిసగా చేతులు మారి, దక్కనుకు చేరి, అహమద్‌నగర్ రాజ్యాన్ని నిలబెట్టి, మొగలుల్ని ముప్పుతిప్పలు పెట్టి 1626లో పోయిన మలిక్ అంబర్ మన దక్కను మనిషే. ఆఫ్రికా చరిత్ర ఒక బల్ల మీద, దక్కను చరిత్ర ఒక బల్ల మీద పెడితే ఏ.సి. గార్డ్స్ రెండింటి నడుమ జారి కింద పడుతుంది.

ఇక సబాల్టర్న్ స్టడీస్. 1982లో రణజిత్ గుహా మొదలుపెట్టిన సంపుటాలు. అట్టడుగు జనాన్ని చరిత్ర నడిపినవాళ్లుగా చూపిన వరస. 1984లో వచ్చిన మూడో సంపుటంలో జ్ఞానేంద్ర పాండే రాసిన వ్యాసం మమ్మల్ని నిద్రపోనివ్వలేదు. ఆజంగఢ్ జిల్లాలో ముబారక్‌పూర్ అనే నేతగాళ్ల ఊరు. సర్కారు కాగితాల్లో ఆ ఊరి చరిత్ర అంటే కొట్లాటల జాబితా. ఫలానా ఏడు అల్లరి, ఫలానా ఏడు మళ్లీ అల్లరి. అదే ఊళ్లో షేక్ మహమ్మద్ అలీ హసన్ అనే జమీందారీ కుటుంబపు మనిషి ఉర్దూలో చేత్తో రాసిపెట్టుకున్న ఊరి చరిత్ర ఉంది. అందులో కొట్లాటలూ ఉన్నాయి, వాటి వెనకున్న అప్పులూ మర్యాదలూ ఉన్నాయి, ఊరు కూర్చుని సర్దుకున్న సందర్భాలూ ఉన్నాయి. ఒక నేతగాడు రాసుకున్న దినచర్య పుస్తకాలూ ఉన్నాయి. ఊరు ఒక్కటే, చరిత్రలు మూడు. పెద్దింటి షేక్ చూసిన ఊరు, నేతగాడు చూసిన ఊరు ఒకటి కాదు. ముస్లింల చరిత్ర అంటూ ఒకటే లేదని, మా లోపల కూడా పై మెట్టు, కింది మెట్టు ఉన్నాయని ఆ వ్యాసం మాకు గుర్తుచేసింది.

అయినా ఆ వరసతో మాకు పేచీ ఉంది. మత కలహం గురించి రాసినప్పుడు ముస్లిం గుర్తొస్తాడు. భూమి, కూలి, అడవి, కులం గురించి రాసినప్పుడు ముస్లిం మాయమవుతాడు. మేము కొట్లాటలోనే పుడతామా? మిగతా రోజుల్లో మాకు ఆకలి వెయ్యదా?

స్త్రీలు వేసిన దారి

తెలుగులో మాకు అందరికన్నా దగ్గరగా వచ్చిన పని స్త్రీ శక్తి సంఘటన చేసింది. 1986లో వచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర'. పేరు చూడండి. 'తెలియని చరిత్ర' అని ఊరుకోలేదు. మనకు, మన అన్నారు. తెలియకపోవడం తప్పయితే ఆ తప్పులో తమకూ భాగం ఉందని ఒప్పుకున్నారు. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీలను వెతికి, వాళ్ల ఇళ్లకు వెళ్లి, వాళ్ల మాటల్లోనే అచ్చువేశారు. ఆ స్త్రీలు పార్టీ పుస్తకాల్లో లేని సంగతులు చెప్పారు. దళంలో బిడ్డను కన్న సంగతి, పోరాటం ముగిశాక ఇంటికి పొమ్మన్న సంగతి.

ఆ పుస్తకంలో ఐలమ్మ ఉంది, స్వరాజ్యం ఉంది. జమాలున్నిసా బాజీ కూడా ఉంది. హైదరాబాదు ముస్లిం ఇంటిలో పుట్టి, కమ్యూనిస్టుల పక్కన నిలిచిన మనిషి. ఆమెను అందులో చూసిన రోజు మాకు కలిగిన సంతోషం చిన్నది కాదు. తెలంగాణ పోరాటం అనగానే ఒక వైపు జనం, ఒక వైపు తురకలు అని గీసిన బొమ్మలో ఆమె ఇమడదు. భూమి కోసం విస్నూరు దేశ్‌ముఖ్‌ను కోర్టుకీడ్చి 1940లో హత్యకు గురైన షేక్ బందగీ ఇమడడు. మఖ్దూం ఇమడడు. రజాకార్లను ఎదిరించి రాసినందుకు 1948 ఆగస్టులో వాళ్ల చేతుల్లోనే చచ్చిపోయిన 'ఇమ్రోజ్' సంపాదకుడు షోయబుల్లా ఖాన్ ఇమడడు. ఇమడని వాళ్లు ఇంతమంది ఉన్నప్పుడు తప్పు బొమ్మదే కదా.

అయితే ఒక్క బాజీతో మా కడుపు నిండలేదు. చదువుకున్న ఇంటి బాజీ మాట్లాడింది, బాగుంది. దేశ్‌ముఖ్ గడీలో వంటపని చేసిన ముస్లిం ఆడమనిషి ఎక్కడ? 1948 సెప్టెంబరు తర్వాత భర్త తిరిగిరాని ఇంటి ఆడమనిషి ఎక్కడ?

సెప్టెంబర్ 17

ఇక్కడ మాట తడబడుతుంది. 1948 సెప్టెంబరు 13న భారత సైన్యం హైదరాబాదు రాజ్యంలోకి వచ్చింది. 17న నిజాం లొంగిపోయాడు. ఏటా ఆ రోజు వచ్చేసరికి విమోచనా, విలీనమా, విద్రోహమా అని పత్రికల్లో తగాదా మొదలవుతుంది. ఆ తగాదాలో మా చచ్చిపోయినవాళ్ల లెక్క రాదు.

రజాకార్ల దుర్మార్గాన్ని మేము దాచడం లేదు. వాళ్లు ఊళ్లు తగలబెట్టారు, మనుషుల్ని చంపారు, ఆడవాళ్లను చెరిచారు. వాళ్ల పేరు మీద మాకు ప్రేమ లేదు. కానీ వాళ్ల పాపానికి శిక్ష పడింది ఎవరికి? పండిత్ సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్, అబ్దుల్లా మిస్రీలను అదే ఏడాది చివర్లో పంపితే, వాళ్లు జిల్లాలు తిరిగి నివేదిక ఇచ్చారు. తక్కువలో తక్కువ 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయారని అంచనా వేశారు. ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాలు అందరికన్నా ఎక్కువ దెబ్బతిన్నాయన్నారు. ప్రభుత్వం ఆ నివేదికను దశాబ్దాల తరబడి అచ్చువెయ్యలేదు. ఒమర్ ఖాలిదీ 1988లో 'హైదరాబాద్: ఆఫ్టర్ ద ఫాల్' అనే సంపుటం కూర్చి, ఆ రోజుల మీద వచ్చిన రాతలను ఒకచోట చేర్చాడు. అది అమెరికాలో అచ్చయింది. మా చావుల పుస్తకానికి మా గడ్డ మీద అచ్చుయంత్రం దొరకలేదన్న మాట! 2013లో ఏ.జి. నూరానీ ఇంగ్లిషు పుస్తకంలో ఆ నివేదిక అనుబంధంగా వచ్చింది. మా ముసలివాళ్లు 'పోలీస్ యాక్షన్' అన్న మాట పలకగానే గొంతు ఎందుకు తగ్గించేవాళ్లో అప్పుడు అర్థమైంది.

ఆ నివేదికలో ఇంకో సంగతి ఉంది. హిందువులు ముస్లింలను కాపాడిన ఊళ్లున్నాయని, ఒకే వృత్తి చేసేవాళ్ల మధ్య ఆ అభిమానం మరీ గట్టిగా కనిపించిందని రాశారు. కొన్నిచోట్ల హిందూ నేతగాళ్లు ముస్లిం నేతగాళ్లకు అడ్డం నిలిచి, ప్రాణాలు కూడా ఇచ్చుకున్నారు. ఆ నేతగాళ్ల పేర్లేమిటి? ఏ విమోచన సభలోనైనా వాళ్లకు దండ వేశారా? మా సంతాప సభల్లోనైనా తలుచుకున్నామా? మగ్గం కలిపిన మనుషుల చరిత్రకు రెండు బల్లల మీదా చోటు లేకపోయింది.

మా అల్మారీ మాటేమిటి?

ఇంతసేపు వాళ్లనీ వీళ్లనీ అడిగాం. ఇప్పుడు మమ్మల్ని మేము అడుక్కోవాలి. లేకపోతే ఈ విమర్శకు నిజాయితీ ఉండదు.

మేము కూడా వరసలు తెచ్చాం. 1991లో 'పుట్టుమచ్చ' మా మౌనం బద్దలు కొట్టింది. 1998లో 'జల్‌జలా' వచ్చింది, 2004లో 'వతన్' వచ్చింది. కవిత్వంలో, కథలో మా ఇళ్లు, మా మాట, మా దస్తర్‌ఖాన్ తెలుగు అచ్చులోకి ఎక్కాయి. చరిత్రలో సయ్యద్ నశీర్ అహమ్మద్ గారు ఒంటిచేత్తో స్వాతంత్య్రోద్యమంలో ముస్లింల పాత్ర మీద పుస్తకం వెంట పుస్తకం రాశారు. ముస్లిం స్త్రీల మీద ప్రత్యేకంగా రాశారు. 1857 జూలైలో హైదరాబాదు రెసిడెన్సీ మీదికి వెళ్లిన తుర్రెబాజ్ ఖాన్, మౌల్వీ అల్లాఉద్దీన్ లాంటి వాళ్లను మా పిల్లలు తెలుసుకున్నది అలాంటి శ్రమ వల్లే. ఆ శ్రమకు సలాం.

కానీ ఆ పుస్తకాలను మేము ఎందుకు అంత ఆత్రంగా ఎదుటివాడి చేతిలో పెడుతున్నాం? చూడు, మేమూ చచ్చాం, మేమూ జైలుకెళ్లాం, ఇక నమ్ము అని. అది చరిత్ర చదవడం కాదు, సర్టిఫికెట్ చూపించడం. ఈ నేరం రాసినవాళ్లది కాదు, సర్టిఫికెట్ అడిగే లోకానిది. అయినా అడిగినప్పుడల్లా తీసి చూపిస్తూ పోతే, ఉరికంబం ఎక్కనివాడికి ఈ దేశంలో హక్కు లేదన్న వాదనకు మేమే సంతకం పెట్టినట్టవుతుంది. దూదేకి, పరుపు కుట్టి, ముసలితనంలో దగ్గుతూ పోయిన మా తాత ఏ త్యాగమూ చెయ్యలేదు. ఆయనకు ఈ నేల మీద హక్కు లేదా?

రెండో తప్పు. మా అల్మారీ మమ్మల్ని కూడా నవాబుల వైపే లాగుతుంది. హైదరాబాదులో 1888లో దాయిరతుల్ మఆరిఫ్ మొదలైంది. అరబ్బీ రాతప్రతులను వెతికి, సరిచూసి, అచ్చువేసిన సంస్థ. అల్ రాజీ వైద్య గ్రంథం 'అల్ హావీ', అల్ బిరూనీ ఖగోళ గ్రంథం 'ఖానూన్ అల్ మసూదీ' అక్కణ్నుంచే అచ్చై ప్రపంచానికి వెళ్లాయి. మానవజాతి విజ్ఞాన చరిత్రలో ఎవరికీ పట్టని ఒక అధ్యాయాన్ని మూసీ ఒడ్డున అచ్చుకూర్చారంటే గర్వంగా ఉంటుంది. ఆ గర్వం తప్పు కాదు. కానీ ఆ అరబ్బీ మా దూదేకుల వాడికి రాదు. మా ఖసాబుకు రాదు. ఉర్దూ కూడా రాని తెలుగు ముస్లింలు లక్షల మంది. వాళ్లను 'మీరు అసలు ముస్లింలేనా' అని వెక్కిరించినవాళ్లు మాలోనే ఉన్నారు. సయ్యదు ఇంటి పిల్లను నూర్‌బాషా ఇంటికి ఇవ్వనివాళ్లు మాలోనే ఉన్నారు. ఎదుటివాడి అరలో మాకు చోటు లేదని ఏడుస్తూ, మా అరలో వాళ్లకు చోటివ్వకపోవడం ఏ న్యాయం?

పారశీకంలో ఉన్నంత మాత్రాన అది మా చరిత్ర అయిపోదు. సర్వాయి పాపణ్ని తీసుకోండి. కల్లుగీత కులంలో పుట్టి, ఓరుగల్లు కోటనే కొల్లగొట్టి, 1710లో ప్రాణాలు పోగొట్టుకున్నవాడు. మొగలు చరిత్రకారుడు ఖాఫీ ఖాన్ పారశీకంలో ఆయన్ని దొంగ అని తిట్టాడు. తెలుగు పాట ఆయన్ని వీరుడన్నది. రిచర్డ్ ఈటన్ 2005లో ఎనిమిది మంది జీవితాలతో రాసిన దక్కను చరిత్రలో ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చదివాడు. పాపడి వెంట ఉన్నవాళ్లలో హిందువులూ ముస్లింలూ ఉన్నారు, ఎదిరించినవాళ్లలోనూ ఇద్దరూ ఉన్నారు. మేము ఎటు నిలబడాలి? మా మతంవాడు రాశాడని ఖాఫీ ఖాన్ పక్కనా, మా బతుకులాంటి బతుకని పాపడి పక్కనా? మా జవాబు పాపడే.

ఒక జాబితా

మరి మేము ఎలాంటి వరస తేవాలి? దానికి విషయసూచిక ఎక్కడో వెతకనక్కర్లేదు. సర్కారే రాసి పెట్టింది. 2007లో ముస్లింలలో వెనకబడిన వాళ్లకు 4 శాతం రిజర్వేషన్ ఇస్తూ చేసిన చట్టంలో 14 సమూహాల జాబితా ఉంది. అంతకు చాలా ముందు నుంచే దూదేకుల వాళ్లు వేరే జాబితాలో ఉన్నారు. రెంటినీ కలిపి చదవండి. అచ్చుకట్లవాళ్లు. అత్తరు సాయిబులు. తురక చాకలి. ఫకీరు సాయిబులు. గారడీ సాయిబులు, పాములవాళ్లు. ఎలుగుబంటివాళ్లు, కీలుగుర్రాలవాళ్లు. హజామ్. లబ్బీ. ఖురేషీ, ఖసాబ్. సిద్దీ, హబ్షీ. తిరగలి రాళ్లకు గంట్లు పెట్టే చక్కీ టాకనేవాలే.

దీన్ని ఉద్యోగం కోసం, సీటు కోసం చూసే కాగితంగానే చూశాం. ఒక్కో పేరూ ఒక్కో పుస్తకం కాదా? మిక్సీ వచ్చాక తిరగలికి గంట్లు పెట్టేవాడు ఏ పనికి పోయాడు? ఎలుగుబంటిని ఆడించడం నేరమయ్యాక ఎలుగుబంటివాడి పిల్లలు ఏం తిన్నారు? ఫోం పరుపులు వచ్చాక దూదేకే విల్లు ఏ అటక మీద ఉంది? అత్తరు సాయిబు గాజుసీసాల పెట్టె పట్టుకుని ఏ దారుల వెంట ఏ ఊళ్లు తిరిగాడు? ఏ ఇంటి ఆడవాళ్లతో ఏ భాషలో బేరమాడాడు? ఈ ప్రశ్నలకు జవాబు కోటలో లేదు. ముందుమాటలో లేదు. బతికున్న ముసలివాళ్ల నోళ్లలో ఉంది. ఆ నోళ్లు ఒక్కొక్కటిగా మూతపడుతున్నాయి.

మేము అడిగేది 'ముస్లిం చరిత్ర' అని బోర్డు పెట్టిన మరో బల్ల కాదు. అలాంటి బల్ల ఉంటే ఎదుటివాళ్లు దాన్ని దాటుకుని పోతారు. చేతివృత్తుల బల్ల మీద దూదేకుల పుస్తకం ఉండాలి. స్త్రీల బల్ల మీద బీడీ కార్మికురాలు హసీనానో ఖాతూన్‌బీనో ఉండాలి. ఆఫ్రికా బల్ల మీద ఏ.సి. గార్డ్స్ ఉండాలి. 1948 బల్ల మీద అడ్డం నిలిచి చచ్చిపోయిన నేతగాళ్లు, చచ్చిపోయిన మా వాళ్లు పక్కపక్కనే ఉండాలి. లౌకికవాద మిత్రులారా, మిమ్మల్ని కోరేది ఇంతే. మా కోసం వేరే అర చెయ్యకండి. మీరు చేసిన ప్రతి అరలోనూ మా మనిషి లేడేమిటని ఒకసారి తడుముకోండి.

మా వాళ్లకు మా మాట వేరు. ఈ ఆదివారం ఇంట్లో పెద్ద ఎవరున్నారో చూడండి. దాదీయో, నానీయో, ఫూఫీయో. పక్కన కూర్చుని, పోలీస్ యాక్షన్ అప్పుడు ఎక్కడున్నారు, ఎవరింట్లో దాక్కున్నారు, తలుపు తీసి లోపలికి రానిచ్చినవాళ్ల పేరేమిటి అని అడగండి. తాను చూసింది కాకపోయినా, వాళ్లమ్మ చెప్పగా విన్నదైనా సరే. గొంతు తగ్గించి చెబితే దగ్గరికి జరిగి వినండి. తెలుగులో చెబితే తెలుగులో, ఉర్దూలో చెబితే ఉర్దూలో, రెండూ కలిపి చెబితే రెండూ కలిపి రాసుకోండి. తేదీ వెయ్యండి. ఊరి పేరు రాయండి. మా వరసలో మొదటి పుస్తకం ఆ నోటుబుక్కే.